సగటు తీయకముందు పల్సార్

మాఘ పౌర్ణమి రాత్రి చంద్రుడు మఖ నక్షత్రం పరిసరాల్లో ఉంటాడు. ఆ మఖకి కాస్త పడమరగా, చేయి చాచి మూడు వేళ్లు అడ్డం పెడితే ఆకాశంలో ఎంత మేర కప్పుకుంటుందో అంతకంటే కొంచెం ఎక్కువ దూరంలో, ఒక పల్సార్ ఉంది. కంటికి కనిపించదు. దాని పేరు బి0943+10. ఆకాశంలో అది ఉన్న చోటుని బట్టి పెట్టిన అంకెలే దాని పేరు. 1.098 సెకన్లకి ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. మా హిందూపురం అక్షాంశం 14 డిగ్రీలకి కొంచెం తక్కువ. ఆ పల్సార్ ఖగోళ మధ్యరేఖకి 10 డిగ్రీలు ఉత్తరాన ఉంది. అందుకని మాకు అది దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది. ఎండాకాలం మొదట్లో మిద్దె మీద పక్కలేసుకుంటాం కదా, అప్పుడు పైన ఎక్కడో అది కూడా ఉంటుంది.

నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. పాఠంలో పల్సార్‌కి దక్కేది నాలుగైదు వాక్యాలు. భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలే న్యూట్రాన్ తార అది. సూర్యుడి కంటే ఎక్కువ ద్రవ్యరాశి పాతిక కిలోమీటర్ల వ్యాసం ఉన్న గోళంలో ఇమిడి ఉంటుంది. వేగంగా తిరుగుతుంది. దాని అయస్కాంత ధ్రువాల దగ్గర నుంచి రేడియో తరంగాల పుంజం బయలుదేరుతుంది. ఆ పుంజం మనవైపు తిరిగినప్పుడల్లా మనకి ఒక పల్స్ అందుతుంది. గడియారమంత ఖచ్చితం. అక్కడితో పాఠం అయిపోతుంది.

ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది విన్న పిల్లల బుర్రలో పడే బొమ్మ ఏమిటంటే, ఒకే అచ్చులో పోసిన పల్స్‌లు వరసగా వస్తూ ఉండటం. అసలు సంగతి అలా ఉండదు. ఆ ఖచ్చితత్వమంతా పల్స్ వచ్చే వేళకి సంబంధించింది. పల్స్ బలం, ఆకారం మాత్రం ప్రతి చుట్టుకీ వేరు. ఒకటి పెద్దగా వస్తుంది, తర్వాతది సగం కూడా ఉండదు, మూడోది రెండు ముక్కలుగా వస్తుంది, నాలుగోది అసలు రాదు. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు.

మరి పుస్తకాల్లో కనిపించే ఆ నున్నటి పల్స్ ఎక్కడిది? చాలా పల్సార్ల నుంచి వచ్చే సిగ్నల్ టెలిస్కోప్‌లోని రొద కంటే తక్కువ. అందుకని కొన్ని వందల, వేల చుట్లని సరిగ్గా భ్రమణ కాలం దగ్గర కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి కూడతారు. రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, పల్స్ మిగులుతుంది. ఇలా వచ్చిన సగటు ఆకారం చాలావరకు స్థిరం. ప్రతి పల్సార్‌కీ దాని సొంత ఆకారం ఉంటుంది, ఏళ్లు గడిచినా అదే. ఈ స్థిరత్వం మీద ఆధారపడే పల్సార్లతో కాలాన్ని కొలుస్తారు. అయితే కూడటంలో ఒకటి పోతుంది. ఆ వెయ్యి చుట్లలో తార దగ్గర క్షణక్షణం ఏం జరిగిందన్న సమాచారం మొత్తం చెరిగిపోతుంది. నేను రాయాలనుకున్నది ఆ చెరిగిపోయే భాగం గురించి. పల్సార్ గురించి మనకి తెలిసిన గొప్ప సంగతుల్లో చాలా వాటిని, సగటు తీయడానికి ముందు ఆగి ఒక్కో పల్స్‌నీ విడిగా చూసినవాళ్లే కనిపెట్టారు.

మొదటి పల్సార్‌ని 1967లో కేంబ్రిడ్జ్ దగ్గర జోసిలిన్ బెల్ పట్టుకున్నప్పుడే ఇది కనబడింది. 1.337 సెకన్లకొకసారి వచ్చే ఆ పల్స్‌లు చార్టు కాగితం మీద వేళ తప్పకుండా పడ్డాయి, ఎత్తులు మాత్రం ఇష్టం వచ్చినట్టు ఉన్నాయి. 1968లో ఫ్రాంక్ డ్రేక్, క్రాఫ్ట్ ప్యూర్టో రికోలోని అరెసిబో టెలిస్కోప్‌తో చూసి, పల్స్ లోపల చిన్న చిన్న సబ్‌పల్స్‌లు ఉన్నాయనీ, అవి ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకి క్రమంగా పక్కకి జరుగుతున్నాయనీ చెప్పారు. 1970లో డొనాల్డ్ బేకర్ మరో రెండు చూపించాడు. కొన్ని పల్సార్లు ఉన్నట్టుండి మౌనంగా ఉండిపోయి మళ్లీ మొదలవుతాయి. దాన్ని నల్లింగ్ అంటారు. కొన్నిటి సగటు ఆకారమే ఒక రూపం నుంచి ఇంకో రూపానికి గెంతుతుంది. అది మోడ్ మార్పు. మూడేళ్లలో మూడు వింతలూ బల్ల మీదకి వచ్చేశాయి. అర్థం చేసుకోవడం మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఇక బి0943+10 దగ్గరికి వస్తాను. దీన్ని 1969లో రష్యాలోని పూష్చినో పరిశోధకులు కనిపెట్టారు. తక్కువ పౌనఃపున్యాల్లో గట్టిగా వినిపిస్తుంది, పౌనఃపున్యం పెరిగే కొద్దీ గబగబా నీరసిస్తుంది. దీని పల్స్‌లని ఒక్కొక్క వరసగా కింది నుంచి పైకి పేర్చి బొమ్మ గీస్తే సబ్‌పల్స్‌లు ఏటవాలు చారలుగా కనిపిస్తాయి. పల్స్‌లో ఒక చోట చూపు నిలిపి చూస్తే ఒక బలమైనది, ఒక బలహీనమైనది, మళ్లీ బలమైనది, ఇలా ఇంచుమించు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. సరిగ్గా 2 చుట్లకి కాదు, సుమారు 1.87 చుట్లకి.

దీనికి కారణం చెప్పే నమూనాని 1975లో రుడర్‌మన్, సదర్లాండ్ ఇచ్చారు. అయస్కాంత ధ్రువం మీద, తార ఉపరితలానికి కాస్త పైన, లక్ష కోట్ల వోల్టుల స్థాయి విద్యుత్ పీడనం పోగవుతుంది. అది తట్టుకోలేక అక్కడక్కడా మెరుపులు పుడతాయి. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలు కుప్పలుగా తయారై పైకి దూసుకుపోతాయి. ఒక్కో మెరుపు పైన ఒక్కో సన్నటి రేడియో పుంజం. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండూ ఉన్నచోట ఆవేశకణాలు నిలకడగా ఉండలేవు, పక్కకి జరుగుతాయి. అందువల్ల మెరుపుల వలయం మొత్తం ధ్రువం చుట్టూ నెమ్మదిగా తిరుగుతుంది. ఈ రంగంలోవాళ్లు దీన్ని రంగులరాట్నం అనే పిలుస్తారు. జాతరలో తిరిగే రంగులరాట్నాన్ని ఒక గోడ సందులోంచి, అదీ సెకనుకోసారి మాత్రం కన్ను తెరిచి చూస్తే ఎలా ఉంటుందో మన పరిస్థితి అలా ఉంది. తార ఒక చుట్టు తిరిగినప్పుడే మనకి ఒక చూపు దొరుకుతుంది. ఈ చూపులో కనిపించిన గుర్రం, ముందు చూపులో కనిపించిన గుర్రమేనా, దాని వెనకదా? రాట్నం నెమ్మదిగా తిరుగుతోందా, వేగంగానా? అసలు ఎటు తిరుగుతోంది? ఒక్క చూపు లెక్కన ఇవేవీ తేలవు.

దీన్ని తేల్చిన పద్ధతి నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకి చెందిన అవినాశ్ దేశ్‌పాండే, అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆనా రాంకిన్ కలిసి 1999లోనూ 2001లోనూ ప్రచురించారు. అరెసిబోలో తీసిన ఒక్కో పల్స్ బలాల వరసకి ఫోరియర్ విశ్లేషణ (హెచ్చుతగ్గుల్లో దాగిన క్రమాలని విడదీసి చూపే లెక్క) చేస్తే, 1.87 చుట్లకి సంబంధించిన పెద్ద శిఖరం వచ్చింది. అది అందరూ ఊహించేదే. దానికి అటూ ఇటూ సమాన దూరంలో రెండు చిన్న శిఖరాలు కూడా లేచాయి. ఆ దూరాన్ని తిరగేస్తే 37 చుట్లు. అంటే పల్స్‌ల హెచ్చుతగ్గుల్లో ఇంకో నెమ్మదైన క్రమం దాగి ఉంది. ప్రతి 37 చుట్లకీ అదే వరస మళ్లీ వస్తోంది. ఎందుకు వస్తుంది? వలయంలోని మెరుపులన్నీ సమానమైన కాంతితో లేవు. ఒకటి బలమైనది, ఒకటి నీరసమైనది, ఆ తేడాలు కొంతసేపు అలాగే నిలిచి ఉంటున్నాయి. వలయం పూర్తిగా ఒకసారి తిరిగొచ్చినప్పుడు అదే బలమైనది మళ్లీ మన ముందుకి వస్తుంది. 37కి పైచిలుకు చుట్లని 1.87తో భాగిస్తే 20. వలయంలో 20 మెరుపులు ఉన్నాయి, వలయం సుమారు 41 సెకన్లలో ఒక ప్రదక్షిణ పూర్తి చేస్తోంది.

ఆ తర్వాత వాళ్లు ఆ లెక్కని తిరగేసి ధ్రువప్రాంతపు పటం గీశారు. నల్లటి నేపథ్యం మీద గుండ్రంగా అమరిన 20 మచ్చలు. ఈ భ్రమణ కాలం ఉన్న తార మీద ఆ ధ్రువప్రాంతం వ్యాసార్థం, మామూలు ద్విధ్రువ అయస్కాంత లెక్క ప్రకారం, సుమారు 140 మీటర్లు. వలయం ఆ అంచు దగ్గరే ఉందనుకుంటే ఒక్కో మెరుపు గంటకి 70, 80 కిలోమీటర్ల వేగంతో జరుగుతున్నట్టు. రెండు మూడు వేల కాంతి సంవత్సరాల అవతల, మా కాలేజీ గ్రౌండంత జాగాలో, ఎన్ని మెరుపులు ఉన్నాయో, ఎంత వేగంతో తిరుగుతున్నాయో చెప్పగలిగారు. ఏ టెలిస్కోప్‌తోనూ అంత సూక్ష్మంగా ఫొటో తీయలేం. పల్స్‌ల హెచ్చుతగ్గులు ఒక్కటే ఆధారం. సగటు తీసేసి ఉంటే ఇదంతా పోయేది.

ఇందులో మా ఊరికి దగ్గరి సంగతి ఒకటి ఉంది. హిందూపురంలో బెంగళూరు వైపు రైలెక్కితే సరిహద్దు దాటగానే గౌరిబిదనూరు వస్తుంది. కర్ణాటకే అయినా బజారులో తెలుగు ధారాళంగా వినిపించే ఊరు. దాని శివార్లలో భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి కట్టిన రేడియో టెలిస్కోప్ ఉంది. డిష్ ఉండదు. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, అక్కడి నుంచి దక్షిణానికి 450 మీటర్లు, టీ అక్షరం ఆకారంలో పరిచిన వెయ్యి డైపోల్‌లు, అంటే తీగ యాంటెనాలు. అది వినే పౌనఃపున్యం 34.5 మెగాహెర్ట్జ్. అంటే ఒక్కో తరంగం పొడవు దాదాపు 9 మీటర్లు. అంత పొడవు తరంగాలకి సరిపడే డిష్ కట్టడం కంటే నేల మీద తీగలు పరచడమే తేలిక.

ఆశీష్ అస్‌గేకర్, దేశ్‌పాండే ఈ టెలిస్కోప్‌తో బి0943+10 ఒక్కో పల్స్‌నీ నమోదు చేశారు. 2001లో వచ్చిన వాళ్ల పత్రంలో మెరుపుల సంఖ్య, ప్రదక్షిణ కాలం రెండూ స్వతంత్రంగా లెక్కగట్టారు. అరెసిబో 430 మెగాహెర్ట్జ్ దగ్గర ఇచ్చిన అంకెలతో సరిపోయాయి. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు తార ఉపరితలానికి ఇంకా ఎత్తున పుడతాయని అంటారు కాబట్టి, ఇది వేరే అంతస్తు నుంచి అదే వలయాన్ని చూసినట్టయింది. నడినెత్తి మీద పోయే తార, పక్క ఊళ్లో తీగల పందిరి. మా పిల్లలకి ఈ పాఠం చెప్పకుండా ఎలా ఉంటాను!

బి0943+10 ఇంతటితో ఆగదు. ఇది ఎప్పుడూ ఇలా క్రమశిక్షణతో ఉండదు. కొన్ని గంటల పాటు ప్రకాశవంతమైన బి మోడ్‌లో ఉంటుంది. అప్పుడే ఈ చారలూ, వలయమూ చక్కగా కనిపిస్తాయి. తర్వాత ఉన్నట్టుండి, మామూలుగా ఒకటి రెండు చుట్ల తేడాలో, నీరసమైన క్యూ మోడ్‌లోకి జారిపోతుంది. పల్స్‌లు బలహీనపడతాయి, సబ్‌పల్స్‌లు చెల్లాచెదురవుతాయి, చారలు మాయం. కొన్ని గంటలయ్యాక మళ్లీ బి మోడ్. తిరిగి వచ్చాక కూడా వెంటనే స్థిరపడదు. పల్స్ ఆకారం గంటల తరబడి మెల్లగా సర్దుకుంటూ ఉంటుంది. ఆ గంటలు దేనికి పడుతున్నాయన్నది నన్ను చాలా రోజులు వదలని ప్రశ్న. సెకన్లలో గెంతగలిగిన వ్యవస్థకి సర్దుకోవడానికి గంటలెందుకు?

2011 చివర్లో ఈ గెంతుని కొత్త రకంగా పరీక్షించారు. ఎక్స్‌ఎంఎం న్యూటన్ అనే ఉపగ్రహం ఎక్స్‌రేలలో చూస్తుండగా, అదే సమయంలో యూరప్‌లోని లోఫార్, పుణె దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియోలో చూశాయి. జీఎంఆర్‌టీ అంటే గోవింద్ స్వరూప్ సారథ్యంలో కట్టిన 30 డిష్‌ల టెలిస్కోప్, ఒక్కో డిష్ వ్యాసం 45 మీటర్లు. రేడియోలో ప్రకాశం పెరిగినప్పుడు ఎక్స్‌రేలు కూడా పెరగాలని చాలామంది అనుకుంటారు. మెరుపులు ఎక్కువైతే ధ్రువం మీద పడే కణాలూ ఎక్కువే, వేడి కూడా ఎక్కువే కదా. 2013 జనవరిలో ఫలితం వచ్చింది, సరిగ్గా తలకిందులుగా. రేడియో నీరసించిన క్యూ మోడ్‌లోనే ఎక్స్‌రేలు రెట్టింపుకి పైగా పెరిగాయి. పైగా అప్పుడే ఎక్స్‌రేలలో స్పష్టమైన పల్స్ కనిపించింది. మార్పు మాత్రం రేడియోతో పాటే జరుగుతోంది.

ఈ పల్సార్ చుట్టూ దానితో పాటు తిరిగే అయస్కాంతావరణం అన్ని దిక్కులా 50 వేల కిలోమీటర్లకి పైగా వ్యాపించి ఉంటుంది. భూమి వ్యాసానికి నాలుగు రెట్లు. అంత పెద్ద వ్యవస్థ మొత్తం కొన్ని సెకన్లలో ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతోందన్నమాట. ఏది మీట నొక్కుతోందో ఇంకా ఎవరూ తేల్చలేదు. నిజానికి అసలు రేడియో తరంగాలు ఏ ప్రక్రియ వల్ల అంత బలంగా పుడుతున్నాయో కూడా 1967 నుంచి ఇప్పటిదాకా అందరూ ఒప్పుకున్న సమాధానం లేదు.

ఇక్కడ ఒక మాట. మనకి కనిపించే మార్పులన్నీ తారవే కావు. దారిలో ఉన్న అంతరిక్ష వాయువులోని ఎగుడుదిగుళ్ల వల్ల పల్సార్ మిణుకుమంటుంది. అది చాలావరకు నిమిషాలు, గంటల లెక్కలో సాగుతుంది, ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కోలా ఉంటుంది. ఒక చుట్టుకీ మరుసటి చుట్టుకీ మధ్య ఆకారం మారిందంటే దారి మీద నెపం వేయలేం, అది తార దగ్గర జరిగిందే.

నల్లింగ్ గురించి చెప్పినప్పుడు సెకండియర్ అమ్మాయి ఒకతె అడిగింది: “మేడమ్, అది నిజంగా ఆగిపోతోందా, లేక పుంజం మనవైపు రాకుండా పక్కకి పోతోందా?” చాలా మంచి ప్రశ్న. ఒక్క రేడియో రికార్డు చూసి దీనికి జవాబు చెప్పలేం. జవాబు బి1931+24 అనే పల్సార్ దగ్గర దొరికింది. అది 5 నుంచి 10 రోజులు పల్స్‌లు పంపుతుంది, తర్వాత 25 నుంచి 35 రోజులు చడీచప్పుడు ఉండదు. 2006లో మైఖేల్ క్రామర్ బృందం దాని భ్రమణం నెమ్మదించే తీరు కొలిచింది. పల్స్‌లు వస్తున్న రోజుల్లో అది, రాని రోజుల్లో కంటే ఒకటిన్నర రెట్లు త్వరగా నెమ్మదిస్తోంది. పుంజం ఊరికే పక్కకి తిరిగి ఉంటే తారని ఆపే బలం మారనక్కర్లేదు. ఆ బలమే మారిందంటే తార నుంచి బయటికి పోయే కణాల ప్రవాహం నిజంగానే తగ్గింది. ఆ అమ్మాయి ఇది విని, “అయితే అది రేడియో ఆపినప్పుడు దానికి బ్రేకు కూడా కొంచెం వదులవుతుందన్నమాట” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

నాలుగేళ్ల తర్వాత ఆండ్రూ లైన్ బృందం, ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీలో దశాబ్దాలుగా పోగైన రికార్డులు తిరగేసి, ఇంకో ఆరు పల్సార్లలో పల్స్ ఆకారమూ నెమ్మదించే రేటూ కలిసి మారుతున్నాయని చూపించింది. పల్సార్ గడియారాల్లో కారణం తెలియని చిన్న చిన్న తేడాలని అంతకుముందు రొద అని పక్కన పెట్టేవారు. అందులో కొంత, రెండు స్థితుల మధ్య గెంతుల వల్ల వచ్చిందని తేలింది. ఆకారం వేరు, వేళ వేరు అని ఇందాక నేనే రాశాను. మొదటి పాఠానికి అది చాలు. లోతుకి వెళ్తే రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

వేలా పల్సార్ సంగతి చెప్పకపోతే ఇది పూర్తవదు. మా ఊళ్లో చలికాలం రాత్రి దక్షిణ దిక్కున అగస్త్య నక్షత్రం మెరుస్తుంది కదా, దానికి తూర్పున ఉంటుంది. 89 మిల్లీసెకన్ల భ్రమణ కాలం, సెకనుకి 11 పల్స్‌లు. మౌనంగా ఉండే అలవాటు దీనికి లేదు. దీనికున్న అలవాటు వేరు. అప్పుడప్పుడు, సుమారు మూడేళ్లకోసారి, భ్రమణం ఉన్నట్టుండి కొంచెం వేగం పుంజుకుంటుంది. తార లోపలి అతిద్రవం (రాపిడి లేకుండా పారే ద్రవం) పైపెంకుకి తన వేగంలో కొంత ఇచ్చేయడం వల్ల అని వివరిస్తారు. 1969లో ఆస్ట్రేలియా పార్క్స్ టెలిస్కోప్‌తో దీన్ని మొదట పట్టుకున్నవాళ్లలో ఒకరు వి. రాధాకృష్ణన్, సర్ సి.వి. రామన్ గారి అబ్బాయి. ఆయనే తర్వాత రామన్ పరిశోధన సంస్థకి డైరెక్టర్‌గా వచ్చారు. గౌరిబిదనూరు టెలిస్కోప్‌లో పాలుపంచుకున్న సంస్థ అదే.

వేలా వేగం పుంజుకునే క్షణంలో పల్స్‌లు ఎలా ఉంటాయో చూడాలంటే, అది జరిగేటప్పుడు టెలిస్కోప్ దానివైపే ఉండాలి. ఎప్పుడు జరుగుతుందో ముందుగా తెలియదు. టాస్మేనియాలో జిమ్ పాల్‌ఫ్రేమన్ 26 మీటర్ల డిష్‌ని ఏళ్ల తరబడి, రోజులో ఎక్కువ భాగం వేలా వైపే ఉంచాడు. 2016 డిసెంబర్ 12న ఫలించింది. వరసగా వస్తున్న పల్స్‌లలో ఒకటి అసాధారణంగా వెడల్పుగా వచ్చింది. దాని తర్వాతది రాలేదు. ఆ తర్వాత రెండు వచ్చాయి కానీ వాటిలో ధ్రువణం, అంటే తరంగాలు ఒకే దిశలో ఊగే క్రమం, బాగా తగ్గిపోయింది. ఇక మళ్లీ మామూలే, కాకపోతే భ్రమణం పది లక్షల్లో ఒకటిన్నర వంతు వేగం పెరిగింది. మొత్తం వ్యవహారం అర సెకను లోపు. తార గర్భంలో జరిగినదానికి బయట అయస్కాంతావరణం కూడా ఉలిక్కిపడిందని మనకి తెలిసింది ఆ నాలుగు పల్స్‌ల వల్ల. పది సెకన్ల సగటు తీసినా సరే, ఆ నాలుగూ నూటికి పైగా పల్స్‌లలో కలిసిపోయేవి. ఏళ్లపాటు ప్రతి పల్స్‌నీ దాచిపెట్టిన ఆ మనిషి ఓపికకి నేను చేతులెత్తి దండం పెడతాను.

స్థిరంగా ఉంటాయని అందరూ నమ్మే మిల్లీసెకన్ పల్సార్లు (సెకనుకి వందల చుట్లు తిరిగేవి) కూడా పూర్తిగా మినహాయింపు కాదు. జె1713+0747 అనే పల్సార్ 4.57 మిల్లీసెకన్లకొకసారి తిరుగుతుంది. గురుత్వ తరంగాల (దేశకాలంలో పుట్టే అలల) కోసం పల్సార్లని గమనించే బృందాలన్నిటికీ ఇది చాలా ముఖ్యమైనది. 2021 ఏప్రిల్‌లో దాని సగటు ఆకారమే ఒక్కసారిగా మారింది. తర్వాత నెలల తరబడి మెల్లగా పాత రూపం వైపు వచ్చింది. దీన్ని భారతీయ పల్సార్ టైమింగ్ అర్రే బృందం జీఎంఆర్‌టీతో నమోదు చేసి ప్రచురించింది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ వాళ్లు కూడా ఈ బృందంలో ఉన్నారు. ఇదే బృందం 2023 జూన్‌లో యూరప్ వాళ్లతో కలిసి గురుత్వ తరంగాల నేపథ్య సంకేతానికి ఆధారాలు ప్రకటించింది. సెకనులో కోటవ వంతు స్థాయి తేడాలు వెతికే ఆ పనిలో, పల్స్ ఆకారం కాస్త వంగినా అది గడియారం తప్పినట్టే కనిపిస్తుంది. కాబట్టి ఈ హెచ్చుతగ్గుల్ని అర్థం చేసుకోకుండా అక్కడ ఒక్క అడుగు కూడా ముందుకి పడదు.

పిల్లల్లో ఎవరికైనా ఇది స్వయంగా చూడాలనిపిస్తే దారి ఉంది. ఆస్ట్రేలియా వాళ్ల సీఎస్‌ఐఆర్‌ఓ సంస్థ పార్క్స్ టెలిస్కోప్ పల్సార్ రికార్డులని, పరిశీలించినవాళ్లకిచ్చే గడువు ముగిశాక, ఎవరైనా దించుకునేలా ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. మా కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్లు పాతవే, నెట్ కూడా అంతంతమాత్రమే, అయినా సరిపోయాయి. వేలాతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే చాలా గట్టిగా వినిపిస్తుంది, ఒక్కో పల్స్ విడిగా కనిపిస్తుంది. పది నిమిషాల రికార్డులో 6,700 పల్స్‌లు దొరుకుతాయి. ఫైల్ తీసుకునేటప్పుడు ముందే మడిచి సగటు తీసింది కాకుండా, కాలంతో పాటు నడిచే పూర్తి రికార్డు ఎంచుకోవాలి. అంతరిక్షంలోని ఎలక్ట్రాన్‌ల వల్ల తక్కువ పౌనఃపున్యాలు ఆలస్యంగా చేరతాయి కాబట్టి ముందు ఆ ఆలస్యాన్ని సవరించాలి. తర్వాత భ్రమణ కాలం దగ్గర కత్తిరించి, ఒక్కో చుట్టునీ ఒక్కో వరసగా, కూడకుండా, పేర్చాలి. పైథాన్‌లో ఇదంతా యాభై లైన్లకి మించదు. మా పిల్లలు రాసిన కోడ్ నా దగ్గర ఉంది, కావాలని కామెంట్‌లో అడిగితే పంపిస్తాను. వేలా అయ్యాక బి0031-07 ప్రయత్నించండి. అందులో చారలు మూడు రకాల వాలుతో వస్తాయి, మధ్యమధ్య మౌనం కూడా ఉంటుంది. వాలు మారేటప్పుడు, మౌనం నుంచి లేచేటప్పుడు మొదటి పల్స్ ఎలా ఉందో ప్రత్యేకంగా చూడండి.